చైన్ వేయాలా, గేర్లు వేయాలా: నా 1966 మస్టాంగ్ అనుభవం

గత శీతాకాలమంతా నా బుర్రలో ఒకటే ప్రశ్న. నా పాత కారు ఇంజన్లో వాల్వుల్ని తెరిచి మూసే క్యామ్ షాఫ్ట్‌ని తిప్పడానికి మళ్ళీ చైన్ వేయాలా, లేక ఈసారి గేర్లు వేయాలా? అడిగిన ప్రతివాళ్ళూ ఒక గట్టి సమాధానం చెప్పారు. ఏ ఇద్దరి సమాధానమూ కలవలేదు. చివరికి నేను ఏది వేశానో, ఎందుకు వేశానో రాస్తున్నాను. పాత వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ ముందు భాగం విప్పబోతున్నవాళ్ళకి కొంచెం పనికొస్తుందని ఆశ.

మాది తెనాలి. ఇప్పుడు డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటున్నాం. మూడేళ్ళ క్రితం 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్ కొన్నాను. దాని ఛాసిస్ నంబరు 6ఆర్07సి అని మొదలవుతుంది. 6 అంటే 1966, ఆర్ అంటే కాలిఫోర్నియాలోని శాన్ హోసే ఫ్యాక్టరీ, 07 అంటే రెండు తలుపుల హార్డ్‌టాప్, సి అంటే 289 క్యూబిక్ అంగుళాల వి8, దాని మీద రెండు బ్యారెళ్ళ కార్బొరేటర్. మన లెక్కలో 4.7 లీటర్లు. కొత్తలో 4400 ఆర్‌పీఎం దగ్గర 200 హార్స్‌పవర్ అని ఫోర్డ్ చెప్పేది. నా చేతికి వచ్చేసరికి అందులో ఎన్ని గుర్రాలు మిగిలాయో గానీ, సిగ్నల్ దగ్గర నుంచి కదిలేటప్పుడు మాత్రం బండి చాలా బరువుగా లాగేది.

మొదట కార్బొరేటర్ అనుకున్నాను. విప్పి కడిగి కొత్త ప్యాకింగులు వేశాను. తర్వాత ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్ మార్చాను. పికప్ ఏమాత్రం పెరగలేదు. అప్పుడు ఇంజన్ గాలిని ఎంత గట్టిగా పీలుస్తోందో చూపే వాక్యూమ్ గేజ్ పెట్టి చూశాను. ఐడ్లింగ్‌లో ముల్లు 15 దగ్గర కదలకుండా నిలబడింది. ఈ ఇంజన్ బాగుంటే 18 దగ్గర ఉండాలి. ముల్లు కొట్టుకోకుండా తక్కువలో నిలబడిందంటే వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటున్నాయేమో చూడాలి. స్పార్క్ ఎప్పుడు పడుతోందో చూపే టైమింగ్ లైట్ పెడితే ఇంకో అనుమానం. క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముందు చక్రం మీద, నేను 6 డిగ్రీల దగ్గర పెట్టిన మార్కు అటూ ఇటూ ఊగుతోంది.

చైన్ వదులు చూడటానికి ఇంజన్ విప్పక్కర్లేదు. ఇది తెలియక చాలామంది అనవసరంగా ఖర్చు పెడతారు, నేనూ పెట్టాను. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీయాలి. క్రాంక్ షాఫ్ట్ ముందు బోల్టుకి పానా పెట్టి, ఇంజన్ తిరిగే దిశలోనే తిప్పుతూ మార్కు సున్నా దగ్గర ఆపాలి. ఇప్పుడు ఆ మూత కింద తిరిగే రోటర్ మీద కన్ను పెట్టి, క్రాంక్‌ని మెల్లగా వెనక్కి తిప్పాలి. రోటర్ కదలడం మొదలయ్యేలోపు క్రాంక్ ఎన్ని డిగ్రీలు వెనక్కి వెళ్ళిందో, దాదాపు అంత వదులు ఉన్నట్టు. కొత్త చైన్‌కి రెండు మూడు డిగ్రీలు ఉంటుంది. ఆరు దాటితే మార్చడం మంచిది అంటారు. నాది 11 వచ్చింది. నమ్మలేక మూడుసార్లు చూశాను.

చైన్ సాగితే నష్టం ఒక్కచోట ఆగదు. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. ఆ రెంటినీ కలిపేది చైనే. అది సాగితే క్యామ్ వెనకపడుతుంది, వాల్వులు ఆలస్యంగా తెరుచుకుని ఆలస్యంగా మూసుకుంటాయి. ఈ ఇంజన్లో డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పేది కూడా క్యామే కాబట్టి, స్పార్క్ కూడా వెనకపడుతుంది. స్పార్క్‌ని నేను డిస్ట్రిబ్యూటర్ తిప్పి ముందుకు జరుపుకుంటూ వచ్చాను. వాల్వుల ఆలస్యం మాత్రం అలాగే ఉండిపోయింది.

డిసెంబర్ సెలవుల్లో పని మొదలుపెట్టాను. ముందు ఇంజన్ ఆయిల్ వంచితే, ఆయిల్‌తో పాటు గోధుమరంగు పెచ్చులు వచ్చాయి. గోటితో నొక్కితే పుటుక్కున విరిగాయి. అవి నైలాన్. 1960ల్లో అమెరికన్ కార్లలో టైమింగ్ చైన్ మోత తగ్గించడానికి క్యామ్ వైపు స్ప్రాకెట్‌ని అల్యూమినియంతో చేసి, పళ్ళకి నైలాన్ తొడుగు పోసేవారు. కొత్తలో నిజంగానే సద్దు ఉండదు. ఏళ్ళ తరబడి వేడి ఆయిల్లో నానాక ఆ నైలాన్ గట్టిపడి పెచ్చులూడుతుంది. ఊడిన పెచ్చులన్నీ కింద ఆయిల్ చాంబర్లోకి పోతాయి. ఆయిల్ పంపు నోటి దగ్గర ఉండే జల్లెడకి అడ్డం పడతాయి. నాకు భయమేసింది. ఎందుకంటే ఈ ఫోర్డ్ ఇంజన్లో ఆయిల్ పంపుని తిప్పేది పావు అంగుళం మందం ఉన్న ఆరుపలకల కడ్డీ ఒక్కటే. చిన్న పెచ్చు పంపు గేర్ల మధ్య ఇరుక్కుంటే ఆ కడ్డీ మెలి తిరిగి విరిగిపోతుంది. ఆ తర్వాత ఆయిల్ ప్రెజర్ సున్నా.

అంటే చైన్ మార్చి ఊరుకుంటే సరిపోదు, చాంబర్ కూడా దింపాలి. కింద అడ్డంగా ఉన్న క్రాస్ మెంబర్ విప్పి, ఇంజన్‌ని మౌంట్ల దగ్గర కాస్త పైకి లేపి, చాంబర్ని వంకర్లు తిప్పుతూ బయటికి తీశాను. జల్లెడ సగం పైగా మూసుకుపోయి ఉంది. ఇంకో వేసవి నడిపి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా నాకు మనసొప్పలేదు. పంపూ, కడ్డీ రెండూ కొత్తవి వేశాను. మీ ఇంజన్లో నైలాన్ పళ్ళు ఊడి ఉంటే ఈ పని మాత్రం వాయిదా వేయకండి.

ముందు భాగం విప్పడంలో ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. ఫ్యాను, పుల్లీలు, రేడియేటర్ అన్నీ మామూలుగానే వస్తాయి. వాటర్ పంపు బోల్టులతోనే కష్టం. అవి అల్యూమినియం టైమింగ్ కవర్లోంచి దూరి ఇనుప బ్లాక్‌లోకి బిగుస్తాయి. యాభై ఏళ్ళు నీళ్ళు తగిలి లోపలే తుప్పు పట్టి అతుక్కుపోతాయి. ఆయిల్ కొట్టి రెండు రోజులు నానబెట్టాను, టార్చ్‌తో కాల్చాను. అయినా ఒకటి తల తెగి లోపలే ఉండిపోయింది. నా వీధిలోనే ఉండే పెద్దాయన ఒకరు నలభై ఏళ్ళు మెషీన్ షాపులో ఇంజన్ బ్లాకులు బోరు చేసిన మనిషి. వెల్డింగ్ మెషీన్ తోసుకుంటూ వచ్చి, తెగిన మొండి మీద నట్టు పెట్టి అతికించారు. ఎర్రగా ఉండగానే పానాతో కొంచెం బిగించారు, కొంచెం వదిలారు. మళ్ళీ బిగించారు, వదిలారు. పది నిమిషాల్లో బోల్టు బయటికి వచ్చేసింది. ముందు బిగించే దిశలో తిప్పాలని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇక అసలు విషయం.

ఇంజన్ విప్పకముందు, నవంబర్‌లో ఒక ఆదివారం పొద్దున పాత కార్లవాళ్ళంతా కలిసే పార్కింగ్ లాట్‌కి వెళ్ళాను. నా కారులాంటి ఇంజన్ ఉన్న ఒక ఫోర్డ్ ఫెయిర్‌లేన్ కారుని స్టార్ట్ చేశారు. అందులో చైన్ తీసేసి గేర్ డ్రైవ్ వేశారు. ఆ శబ్దం విని నిలబడిపోయాను. సన్నగా మొదలై, ఎక్సలరేటర్ తొక్కేకొద్దీ పైకి లేచే ఈల. నాకు ఒక్కసారిగా నాన్న బుల్లెట్ గుర్తొచ్చింది. మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో తయారైన 350 సీసీ పాత బుల్లెట్. దాంట్లో క్యాములు తిరిగేది గేర్లతోనే. కుడివైపు కవర్ వెనక ఆ గేర్లు వరుసగా ఉంటాయి. సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వస్తుంటే, డుగుడుగు శబ్దం కింద ఆ గేర్ల ఈల సందు మొదట్లోనే వినపడేది. నేను తలుపు దగ్గరికి పరిగెత్తేవాణ్ణి. ఆ ఈల నా గరాజ్‌లో కూడా వినాలనిపించింది. ఆ రోజే గేర్ డ్రైవ్ ఆర్డర్ పెట్టాను. దాంతో పాటు డబుల్ రోలర్ (రెండు వరుసల) చైన్ సెట్టు కూడా తెప్పించాను, ఎందుకైనా మంచిదని.

గేర్లు కొత్త కల్పనేమీ కాదు. ఫోర్డ్ మోడల్ ఎ లోనూ, 1932 నుంచి వచ్చిన ఫ్లాట్‌హెడ్ వి8 లోనూ క్యామ్‌ని తిప్పింది గేర్లే. ఫోర్డ్ వాళ్ళ 300 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ట్రక్కు ఇంజన్లోనూ అంతే. మన ఊళ్ళలో తిరిగిన విల్లీస్ జీపు వంశంలో అయితే రెండూ కనిపిస్తాయి. మొదటి ఇంజన్లలో చైన్, తర్వాతి వాటిలో గేర్లు. జీపులో ఒక చిక్కు ఉంది. రెండు గేర్లు నేరుగా కలిస్తే ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు తిరుగుతుంది. అందుకే చైన్ ఉన్న జీపు ఇంజన్ క్యామ్ షాఫ్ట్, గేర్లు ఉన్నదానికి పనికిరాదు. ఆయిల్ పంపు కూడా వేరు. నా వి8 కోసం వచ్చే గేర్ డ్రైవ్‌లో ఈ చిక్కు లేకుండా మధ్యలో ఐడ్లర్ గేర్లు పెడతారు. దాంతో క్యామ్ పాత దిశలోనే తిరుగుతుంది, క్యామ్ షాఫ్ట్ మార్చక్కర్లేదు.

గేర్లవైపు వాళ్ళు చెప్పేది న్యాయంగానే ఉంటుంది. చైన్‌లాగా గేర్లు సాగవు. ఈరోజు పెట్టిన టైమింగ్ పదేళ్ళ తర్వాత కూడా దాదాపు అక్కడే ఉంటుంది. గట్టి వాల్వ్ స్ప్రింగులు వేసి ఇంజన్‌ని ఏడు వేల ఆర్‌పీఎం దాకా తిప్పే రేసు కార్లలో ఇది చిన్న విషయం కాదు. డీజిల్ ఇంజన్లలో గేర్లు అంత ఎక్కువగా కనిపించేది కూడా వాటి మన్నిక వల్లే.

నేను గేర్లు వేయడానికే సిద్ధమయ్యాను. ముందు కవర్ పడుతుందో లేదో చూడాలి. ఐడ్లర్ గేర్ల ముఖం మీద పిల్లలు ఆడుకునే మెత్తటి బంకమట్టి అద్ది, కవర్ పెట్టి బోల్టులు మెల్లగా బిగించి మళ్ళీ విప్పాను. ఒకచోట మట్టి కాగితం మందానికి నలిగిపోయింది. కవర్ లోపలి గట్టు ఒకటి గేర్‌కి ఆనుతోంది. అక్కడ అరగదీయాలి. పెట్రోల్ పంపు చేయి కదిలే చోటు కూడా చూసుకోవాలి, ఎందుకంటే ఈ ఇంజన్లో ఆ పంపుని ఊపే ఎక్సెంట్రిక్ (మధ్య తప్పిన చక్రం) క్యామ్ ముందు భాగానికే బిగుస్తుంది. ఇవన్నీ ఒక రోజు పనే. అరగదీయడానికి గ్రైండర్ చేతిలోకి తీసుకున్నాను కూడా.

ఆ సమయంలోనే పెద్దాయన వచ్చారు. బల్ల మీద రెండు పెట్టెలూ చూసి, ఈ కారుతో ఏం చేయబోతున్నావని అడిగారు. వారాంతాల్లో నడుపుతాను, పిల్లల్ని ఐస్‌క్రీమ్‌కి తీసుకెళతాను, ఏడాదికి 1500 మైళ్ళు దాటదు అన్నాను. ఆయన నిదానంగా లెక్క చెప్పారు. డబుల్ రోలర్ చైన్ తక్కువలో తక్కువ 50 వేల మైళ్ళు వచ్చిందనుకున్నా, నీకు 33 ఏళ్ళు. నీ ఇంజన్ ఎప్పుడూ ఐదు వేలు దాటదు. ఫ్యాక్టరీ వాల్వ్ స్ప్రింగులు మెత్తనివి. గేర్లు ఇచ్చే కచ్చితత్వం నీకు దేనికి? తర్వాత ఆయన చెప్పింది నాకు అంతవరకూ తట్టలేదు. ఒక్కో సిలిండర్ పేలినప్పుడల్లా క్రాంక్ సన్నగా మెలి తిరిగి వదులుతుంది. చైన్ ఆ అదురుని కొంత మింగుతుంది. గేర్లు దాన్ని ఉన్నదున్నట్టు క్యామ్‌కీ, డిస్ట్రిబ్యూటర్‌కీ చేరవేస్తాయి. అయినా ఆయన నన్ను వద్దనలేదు. నీ కారు, నీ ఇష్టం అని వెళ్ళిపోయారు.

ఆ రాత్రి ఎనిమిదిన్నరకి నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారి ఎనిమిది గంటలు.

"ఏరా, ఇంకా విప్పే ఉందా అది?" అన్నారు.

"ఆ నాన్నా. గేర్లు వేద్దామనుకుంటున్నా. మన బుల్లెట్‌లాగా మోగుతుంది."

నాన్న సంతోషిస్తారనుకున్నాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు ఎనిమిదో తరగతిలో ఉండగా ఆ బండి బోరు చేయించాం, గుర్తుందా? ఎందుకు చేయించాల్సొచ్చిందో తెలుసా?" అని అడిగారు. నాకు తెలియదు.

"లోపల పిస్టన్ కొట్టుకుంటోంది. గేర్ల మోతలో అది నాకు వినపడలేదు. గేర్లే కదా అనుకుని మూడు నెలలు నడిపా. షెడ్డులో భాయ్ స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని విని, అన్నా, ఇది గేర్లు కాదు అన్నాడు. అప్పటికే బోరు పోయింది. బుల్లెట్‌కి కంపెనీవాళ్ళే గేర్లు పెట్టారు, మనం చేసేదేం లేదు. నీ దానికి నువ్వే కావాలని మోత పెట్టుకుంటావా?"

ఫోన్ పెట్టేశాక గరాజ్‌లో చాలాసేపు కూర్చున్నాను. నా ఇంజన్ ముందూ వెనకా నాకు తెలియదు. బేరింగులు ఎప్పుడు మార్చారో తెలియదు. ఆయిల్లో నైలాన్ పెచ్చులతో ఎన్నాళ్ళు తిరిగిందో తెలియదు. ఇలాంటి ఇంజన్లో రేపు ఏ బేరింగ్ అయినా కొట్టుకోవడం మొదలుపెడితే, మొదటి రోజే నాకు వినపడాలి. నాకు ఆ ఈల ఎంత ఇష్టమైనా, అది మిగతా శబ్దాలన్నిటి మీదా దుప్పటిలా పరుచుకుంటుంది. ఈల తక్కువ ఉండేలా పళ్ళు కోసిన గేర్లు కూడా దొరుకుతాయి. ఈలే వద్దనుకుంటే ఇక నాకు గేర్లతో పని లేదు. చైన్ సాగుతుంది, నిజమే. కానీ సాగినప్పుడు రోటర్ చూసి పది నిమిషాల్లో పట్టుకోవచ్చు. గ్రైండర్ తీసి అల్మరాలో పెట్టేశాను.

చైన్ వేయాలనుకున్నాక కూడా రెండు దారులు ఉన్నాయి. పాత పద్ధతి సైలెంట్ చైన్, కాకపోతే నైలాన్ లేకుండా పూర్తిగా ఇనుప స్ప్రాకెట్లతో. లేదా రెండు వరుసల రోలర్ చైన్. రోలర్లు పళ్ళ మీద దొర్లుతాయి కాబట్టి రాపిడి తక్కువ, బరువు రెండు వరుసల మీద పడుతుంది కాబట్టి సాగడం కూడా తక్కువ. చేతిలో ఉన్నది డబుల్ రోలరే, అదే వేశాను. కొనేవాళ్ళు ఒకటి గమనించాలి. ఎప్పుడైనా మెషీన్ షాపులో క్రాంక్ కూర్చునే చోటు లైన్ హోనింగ్ (రాసి సరిచేయడం) చేసి ఉంటే, క్రాంక్‌కీ క్యామ్‌కీ మధ్య దూరం వెంట్రుకవాసి తగ్గుతుంది. కొత్త చైన్ కూడా వదులుగా కూర్చుంటుంది. అలాంటి బ్లాకుల కోసం కొంచెం పొట్టి చైన్లు దొరుకుతాయి. నాది కొత్త చైన్‌తో సరిగ్గానే కూర్చుంది.

బిగించడం తేలికే. మొదటి పిస్టన్ పైకి తెచ్చి, క్రాంక్ స్ప్రాకెట్ చుక్క పైకీ, క్యామ్ స్ప్రాకెట్ చుక్క కిందకీ, ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా పెట్టాలి. రాత్రంతా ఆయిల్లో నానబెట్టిన చైన్‌ని రెండు స్ప్రాకెట్లకీ తొడిగి, అన్నీ కలిపి ఒకేసారి లోపలికి తోయాలి. కొత్త సెట్టులో క్రాంక్ స్ప్రాకెట్‌కి మూడు కీ గాళ్ళు ఉన్నాయి. ఒకటి సున్నాకి, మిగతా రెండూ నాలుగేసి డిగ్రీలు ముందుకీ వెనక్కీ. నేను సున్నాకే పెట్టాను. క్యామ్ బోల్టు 45 ఫుట్ పౌండ్లకి బిగించాను. ఆయిల్ విసిరే పళ్ళెం పెట్టడం మర్చిపోకూడదు. కవర్ పెట్టేశాక బల్ల మీద అది కనిపిస్తే మళ్ళీ అంతా విప్పాలి.

ఇక్కడ నన్ను ఇంకొకటి ఆపింది. క్రాంక్ ముందు ఉండే బ్యాలెన్సర్ అంటే లోపల ఒక ఇనుప దిమ్మ, బయట ఒక ఇనుప రింగు, మధ్యలో రబ్బరు. టైమింగ్ గీతలు బయటి రింగు మీద ఉంటాయి. నా దాంట్లో రబ్బరు నెర్రెలిచ్చి ఉంది. అనుమానంతో మొదటి సిలిండర్ ప్లగ్గు రంధ్రంలో పిస్టన్ స్టాపర్ బిగించి, రెండు వైపుల నుంచీ తిప్పి అసలైన పై చివర ఎక్కడుందో కొలిచాను. రింగు జారి, గీత 4 డిగ్రీలు పక్కకి పోయింది. ఇన్నాళ్ళూ 6 అనుకుని నేను పెట్టిన టైమింగ్ అసలు 6 కాదు. కొత్త చైన్ వేసి పాత బ్యాలెన్సర్ పెట్టేసి ఉంటే, బండి ఇంకా సరిగ్గా లాగకపోతే చైన్‌నే తిట్టుకునేవాణ్ణి. కొత్త బ్యాలెన్సర్ తెప్పించడానికి ఇంకో వారం పట్టింది.

జనవరి చివర్లో ఒక శనివారం స్టార్ట్ చేశాను. ముందే డిస్ట్రిబ్యూటర్ తీసి, ఆరుపలకల కడ్డీని డ్రిల్‌తో తిప్పి ఆయిల్ ప్రెజర్ రప్పించి ఉంచాను కాబట్టి ఆ టెన్షన్ లేదు. రెండో ప్రయత్నానికి అంటుకుంది. టైమింగ్ లైట్ వెలుగులో మార్కు రాయిలా నిలబడింది. వేడెక్కాక వాక్యూమ్ ముల్లు 18 దాటి ఆగింది. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాను. రెండో గేరులో కాలు పెడితే చాలు, సీటు వెనక్కి నెట్టింది. మా అమ్మాయి, "నాన్నా, ఇది వేరే కారా?" అంది.

బానెట్ ఎత్తి ఐడ్లింగ్‌లో ఒక నిమిషం వీడియో తీసి నాన్నకి వాట్సాప్‌లో పంపాను. అరగంటకి వాయిస్ మెసేజ్ వచ్చింది. "బాగుందిరా, నున్నగా ఉంది. నువ్వు స్టీరింగ్ వైపు వచ్చినప్పుడు వెనకాల ఒక టాపెట్ టిక్కు టిక్కుమంటోంది, చూడు."

వెళ్ళి పొడవాటి స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని వాల్వ్ కవర్ వెంబడి విన్నాను. ఏడో సిలిండర్. కవర్ తీసి చూస్తే ఎగ్జాస్ట్ రాకర్ నట్టు వదులై ఉంది. సరిచేసి మళ్ళీ వీడియో పంపాను.